‘ఆ గీత ముందే ఉందండీ’

సాయంత్రం కారు తెచ్చుకోవడానికి సర్వీస్ సెంటర్‌కు వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ మాట పరిచయమే. పొద్దున ఆయిల్ మార్చమని, బ్రేకులు చూడమని ఇచ్చిన బండి బాగానే నడుస్తుంది. బిల్లు కూడా చెప్పినంతే వస్తుంది. తీరా తాళం తీసుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగితే వెనక డోర్ మీద జానెడు గీత, లేదంటే బంపర్ మూలన కొత్త సొట్ట. అడిగితే సర్వీస్ అడ్వైజర్ వంగి చూస్తాడు, వేలితో తడుముతాడు, ‘ఇది ముందే ఉందండీ’ అంటాడు. గట్టిగా నిలదీస్తే ‘చిన్నదే కదా సార్, రబ్బింగ్ కొట్టించేస్తాం’ అంటాడు. వెనక ఇంకా నలుగురు డెలివరీ కోసం నిలబడి ఉంటారు. ఇక వాదించలేక యజమాని బండెక్కుతాడు.

ఇలాంటివి పత్రికలకెక్కే వార్తలు కావు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బండి ఆగిపోలేదు. అందుకే దీన్ని ఫిర్యాదుగా కూడా ఎవరూ లెక్కపెట్టరు. కానీ బాగుచేయమని ఇచ్చిన వస్తువును పాడుచేసి తిరిగివ్వడం ఏ వృత్తిలోనైనా తప్పే. ఇస్త్రీకిచ్చిన పట్టుచీర కాలిన మచ్చతో తిరిగొస్తే ‘కట్టుకోవడానికి పనికొస్తుంది కదా’ అన్న సమాధానాన్ని ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. లక్షలు పోసి కొన్న కారు విషయంలో మాత్రం అదే సమాధానం చెల్లుబాటవుతోంది. గ్యారేజీలు తాము చేసే రిపేరుకు మాత్రమే జవాబుదారీ అనుకుంటున్నాయి. బండి తమ ఆవరణలో ఉన్నంతసేపూ దాని రంగుకూ, అద్దాలకూ, సీట్లకూ కూడా అవే జవాబుదారీ.

తెలుగు మధ్యతరగతి కుటుంబానికి ఇంటి తర్వాత అతిపెద్ద కొనుగోలు కారే. అయిదారేళ్ల పాటు నెలనెలా ఈఎంఐ కడతారు. షోరూమ్ నుంచి బండి నేరుగా గుడికి వెళుతుంది. సికింద్రాబాద్ తాడ్‌బండ్ వీరాంజనేయస్వామి ఆలయం ముందు కొత్త వాహనాల పూజలు రోజూ కనిపిస్తూనే ఉంటాయి. దసరాకు ఆయుధపూజలో కారుకూ పసుపు కుంకుమలు అందుతాయి. ఆదివారం పొద్దున మెత్తటి గుడ్డతో తనే స్వయంగా తుడుచుకునే యజమానులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అలాంటివాళ్లకు గీత చిన్నదా పెద్దదా అన్నది రెండో ప్రశ్న. తాను ఇంత జాగ్రత్తగా చూసుకున్నదాన్ని మరొకరు లెక్కలేకుండా చూశారన్నదే మొదటి బాధ.

పాత బండ్ల సంగతి మరీ సున్నితం. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014తో తయారీ ఆగిపోయినవే. తండ్రి నడిపిన అంబాసిడర్‌ను అమ్మకుండా కాపాడుకుంటున్న ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. అలాంటి బండికి క్రోమ్ బీడింగ్ విరిగితే షాపులో కొత్తది దొరకదు. అప్పటి రంగుల్లో చాలావాటికి పైన పారదర్శకమైన క్లియర్ కోటు ఉండదు. రుద్దితే రంగే లేచి గుడ్డకు అంటుకుంటుంది. ఈ అసలు రూపానికి ప్రభుత్వం కూడా విలువ కట్టింది. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలోనే ఉన్న వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. వాటి నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలుంటాయి. అసలు రూపాన్ని కాపాడితే గుర్తింపు ఇచ్చే రోజుల్లో, ఏమరుపాటున దాన్ని చెడగొట్టినవాళ్లు చిన్న గీతే కదా అంటే ఎలా కుదురుతుంది?

‘రబ్బింగ్ కొట్టిస్తే పోతుంది’ అనే హామీ ఎంత ప్రమాదమో తెలియాలంటే కారు రంగు ఎలా ఉంటుందో తెలియాలి. ఫ్యాక్టరీలో ఇనుప బాడీ మొత్తాన్ని తుప్పు నిరోధక ద్రావణంలో ముంచి, కరెంటు సాయంతో మొదటి పొర ఎక్కిస్తారు. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన క్లియర్ కోటు. ఇన్ని పొరలూ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో పదో వంతు లేదా అంతకు కాస్త ఎక్కువ. బండికి మెరుపునిచ్చి, ఎండ నుంచి రంగును కాపాడే క్లియర్ కోటు వాటా అందులో 40, 50 మైక్రాన్లే. తల వెంట్రుక మందం కూడా ఉండదు. రబ్బింగ్ పాలిష్ గీతను పూడ్చదు. గీత కనపడనంత వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీస్తుంది. పైపై గీతకు, తెలిసినవాడి చేతిలో, ఒకటి రెండు సార్లు అది మంచి వైద్యమే. ప్రతి సర్వీసుకూ చేయిస్తే మాత్రం నాలుగైదేళ్లకు బానెట్ మీద, టాప్ మీద రంగు పాలిపోయి పొలుసులు లేస్తుంది.

మళ్లీ పెయింట్ వేయిస్తే సరిపోతుందని గ్యారేజీ అనవచ్చు. ఫ్యాక్టరీలో ఉట్టి బాడీని 140 డిగ్రీల దాకా వేడిచేసి రంగును గట్టిపరుస్తారు. వైర్లు, రబ్బర్లు, ప్లాస్టిక్కులు బిగించాక బండికి అంత వేడి పెట్టలేరు. అందుకే వర్క్‌షాపు బూత్‌లో వేరే రకం పెయింట్ వాడి 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. మంచి పెయింటర్ చేతిలో అది కూడా అందంగానే వస్తుంది. కానీ సిల్వర్, పెర్ల్ వైట్ లాంటి రంగులు పక్క డోర్‌తో కలవడం కష్టం. ఎండలో నిలబెడితే తేడా తెలిసిపోతుంది.

దీనికి డబ్బు లెక్క కూడా ఉంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు మొదట అడిగేది ‘ఒరిజినల్ పెయింటేనా’ అని. ఇప్పుడు మాటతో నమ్మే రోజులు పోయాయి. పెయింట్ మందం కొలిచే చిన్న గేజ్ పట్టుకుని ప్రతి డోర్ మీదా పెట్టి చూస్తున్నారు. మళ్లీ రంగేసిన చోట అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. లప్పం పెట్టి ఉంటే వందల మైక్రాన్లు దాటుతుంది. గ్యారేజీ నిర్లక్ష్యంతో గీత పడి రంగేయించుకున్న యజమాని, బండికి యాక్సిడెంట్ కాలేదని కొనేవాడికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ధర తగ్గేది అక్కడే.

నష్టం ఎక్కువగా జరిగేది రిపేరు దగ్గర కాదు, ఉచితంగా చేసే వాటర్ వాష్ దగ్గర. ఒకే బకెట్, ఒకే స్పాంజి, ఒకే గుడ్డ బండి తర్వాత బండికి వాడతారు. మొదటి బండి చక్రాలకున్న ఇసుక తర్వాతి బండి బానెట్ మీద రుద్దుకుంటుంది. నల్ల కార్ల మీద ఎండ పడగానే సాలెగూడులా కనిపించే సన్నటి గీతలన్నీ ఇలా వచ్చినవే. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే ఉప్పు మరకలు మిగులుతాయి. మే నెల ఎండకు అవి క్లియర్ కోటులోకి దిగి, తుడిస్తే పోని స్థితికి వస్తాయి.

ఆ తర్వాత చేతి గడియారం, ఉంగరం, బెల్టు బకిల్. ఇంజన్ మీదికి వంగిన మెకానిక్ నడుముకున్న బకిల్ మడ్‌గార్డును గీకుతుంది. బ్రేక్ ఆయిల్ చుక్క పడి వెంటనే కడగకపోతే అక్కడ రంగు ఉబ్బి ఊడిపోతుంది. జాకీ పెట్టవలసిన చోట కాకుండా పక్కన పెడితే డోర్ కింది అంచు వంగుతుంది. ప్లాస్టిక్ పనిముట్టుతో తీయవలసిన డాష్‌బోర్డు ప్యానెల్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే అంచు మీద గాటు పడుతుంది, లోపలి క్లిప్పు విరుగుతుంది, మర్నాటి నుంచి కారు కిటకిటమంటుంది. టైరు మార్చే యంత్రం తల సరిగా అమర్చకపోతే అల్లాయ్ వీల్ అంచు చెక్కుకుపోతుంది. జేబులో స్పానర్‌తో కూర్చుంటే సీటు చిరుగుతుంది. ఇరుకు ఆవరణలో బండిని పదిసార్లు ముందుకూ వెనక్కూ జరిపేటప్పుడు తగిలే దెబ్బలు వీటికి అదనం.

వీటిలో ఏ ఒక్కటీ తప్పించుకోలేనిది కాదు. మడ్‌గార్డు మీద పరిచే కవర్, సీటుకు ప్లాస్టిక్ తొడుగు, కాళ్ల కింద కాగితం, స్టీరింగ్‌కు తొడుగు, గడియారం తీసి పనిచేసే అలవాటు, రెండు బకెట్లు, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు చాలు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఏసీ వెయిటింగ్ హాళ్లు లేని రేకుల షెడ్లలో సైతం, బానెట్ ఎత్తగానే మడ్‌గార్డు మీద పాత దుప్పటి కప్పి పని మొదలుపెట్టే మేస్త్రీలున్నారు. జాగ్రత్తకు కావలసింది మనసు పెట్టడం. పెద్ద పెట్టుబడి కాదు.

చట్టం ఈ విషయంలో 150 ఏళ్ల కిందటే స్పష్టంగా ఉంది. ఒక పని కోసం వస్తువును మరొకరికి అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటు గురించి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ నుంచి చెబుతుంది. 151వ సెక్షన్ ప్రకారం, వస్తువు తీసుకున్నవాడు మామూలు వివేకమున్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో దీన్నీ అంత జాగ్రత్తగా చూసుకోవాలి. ఒప్పుకున్న పనికి కాకుండా వేరే అవసరానికి వాడుకుంటే, ఆ వాడకంలో జరిగిన నష్టమంతా అతనిదేనని 154వ సెక్షన్ అంటోంది. టెస్ట్ డ్రైవ్ పేరుతో కారును టిఫిన్ తేవడానికి తీసుకెళ్లే అలవాటున్న చోట్ల ఈ సెక్షన్ గోడకు అంటించాలి.

జాబ్ కార్డు వెనక సన్నటి అక్షరాల్లో ‘వాహనం యజమాని బాధ్యతపైనే’ అని ముద్రించి ఉంటుంది. సంతకం పెట్టాం కాబట్టి అడగలేమని చాలామంది ఊరుకుంటారు. ఇక్కడే సుప్రీంకోర్టు 2019 నవంబరు 14న ఇచ్చిన తీర్పు గుర్తుంచుకోవాలి. 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌కు ఒకాయన తన మారుతి జెన్‌లో వచ్చి తాళాలు వాలెట్ పార్కింగ్ సిబ్బందికి ఇచ్చాడు. తిరిగొచ్చేసరికి కారును మరెవరో తోలుకుపోయారు. పార్కింగ్ చీటీ మీద యజమాని బాధ్యతపైనే అని ఉందని హోటల్ వాదించింది. కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. తాళం తీసుకున్నాక తన సిబ్బంది నిర్లక్ష్యానికి బాధ్యత లేదని హోటల్ చీటీతో తప్పించుకోలేదని, జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోవలసిన భారం మొదట హోటల్‌దేనని చెప్పింది. అది దొంగతనం కేసే, హోటల్ గురించిన కేసే. అయినా తాళాలిచ్చి కారు అప్పగించడం రెండు చోట్లా ఒకటే కాబట్టి, గ్యారేజీ ముందు నిలబడిన యజమానికీ ఆ తర్కం అండగా నిలుస్తుంది.

మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. బోర్డు మీద పెద్ద కార్ల కంపెనీ పేరున్నా, సర్వీస్ సెంటర్ సాధారణంగా వేరే డీలర్‌ది. డీలర్ చేసిన తప్పుకు, అది తయారీ కంపెనీకి తెలిసి జరిగిందని చూపకపోతే ఆ కంపెనీని బాధ్యురాలిని చేయలేమని టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. కాబట్టి నోటీసు పంపేటప్పుడు బిల్లు మీద ఉన్న డీలర్ సంస్థ పేరు ముందుండాలి. కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టడం మంచిదే కానీ, అక్కడితో ఆగిపోకూడదు.

అన్నిటికంటే అభ్యంతరకరమైనది ‘ఇన్సూరెన్స్‌లో చేయించేద్దాం సార్’ అన్న ప్రతిపాదన. వినడానికి సాయంలాగే ఉంటుంది. గ్యారేజీలో పడిన సొట్టను యజమాని ఇంటి గేటుకు తగిలినట్టు రాయించి, యజమాని పాలసీ మీద క్లెయిమ్ చేయిస్తారు. అది బీమా కంపెనీకి చెప్పే అబద్ధం, సంతకం మాత్రం యజమానిది. క్లెయిమ్ లేకుండా నడిపినందుకు మొదటి ఏడాది 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరే నో క్లెయిమ్ బోనస్ ఆ ఒక్క సంతకంతో పోతుంది. తప్పు వాళ్లది, అబద్ధం మనతో, నష్టం మనకు. దీనికి ఎవరూ ఒప్పుకోకూడదు. వర్క్‌షాపులు తమ కస్టడీలో ఉన్న వాహనాల కోసం తీసుకోదగిన మోటార్ ట్రేడ్ పాలసీలు బీమా రంగంలో ఉన్నాయి. ఆ ప్రీమియం కట్టుకోవలసింది వర్క్‌షాపే.

గ్యారేజీల వైపు కూడా ఒక మాట ఉంది, అది వినదగ్గదే. పాత గీతలతో వచ్చి కొత్తవని దబాయించే కస్టమర్లు లేకపోలేదు. దుమ్ము పట్టిన బండి తెచ్చి, కడిగాక బయటపడిన గీతలకు వాషింగ్ కుర్రాడిని తిట్టేవాళ్లూ ఉన్నారు. ఈ కుర్రాడి సంగతే అన్నిటికంటే బాధాకరం. రోజుకు ఇన్ని బండ్లని లక్ష్యం పెట్టేది మేనేజర్. సాయంత్రంలోగా డెలివరీ అని కస్టమర్‌కు మాట ఇచ్చేది అడ్వైజర్. గుడ్డలు కొనడానికి డబ్బు మిగుల్చుకునేది యాజమాన్యం. గీత పడితే మాత్రం జీతం కోసేది ఆ కుర్రాడికి. సంజాయిషీ వినకుండా అలా కోయడం వేతన చట్టాలకే విరుద్ధం. కోత భయం ఉన్నచోట ఎవరూ తప్పు ఒప్పుకోరు. బండిని గోడ పక్కన, గీత కనపడని వైపు పెట్టి డెలివరీ ఇచ్చే అలవాటు ఆ భయంలోంచే పుట్టింది. కస్టమర్ కోపం కుర్రాడి మీద చూపడం వల్ల ఏమీ మారదు. జవాబు చెప్పవలసింది బిల్లు తీసుకున్న సంస్థ.

ఇద్దరికీ న్యాయం జరిగే దారి ఒకటుంది, అది ఖర్చులేనిది. బండి ఇచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి చుట్టూ తిరిగి, ఫోన్‌తో వీడియో తీసి, ఉన్న గీతలన్నిటినీ జాబ్ కార్డు మీది బొమ్మలో గుర్తుపెట్టాలి. కిలోమీటర్ల అంకె కూడా వీడియోలో రావాలి. బండి కడిగి తీసుకెళ్తే ఇంకా మంచిది, దుమ్ము కింద ఏమీ దాగదు. వాష్ అక్కర్లేదనుకుంటే ఆ సంగతి జాబ్ కార్డు మీద రాయించాలి. తీసుకునేటప్పుడు వెలుతురు ఉండగానే వెళ్లి, అదే వరసలో మళ్లీ చూడాలి. కొత్త గీత కనబడితే గొడవపడనక్కర్లేదు. గోరు పెట్టి చూడాలి. గోరు తగలకుండా జారిపోతే అది పైపొరలోనిది, జాగ్రత్తగా పాలిష్ చేస్తే పోవచ్చు. గోరు ఆగితే లోతుగా దిగినట్టే. ఏం చేస్తారో, ఎప్పటికి చేస్తారో, ఏ పెయింట్ కోడ్‌తో చేస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. చీకటి పడ్డాక హడావిడిగా చేసే టచప్‌కు ఒప్పుకోకూడదు.

బిల్లు కట్టేదాకా బండిని ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ గ్యారేజీకి ఇచ్చింది. అందుకే డబ్బు కట్టనని భీష్మించడం కంటే, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, ఫలానా చోట కొత్త నష్టం ఉంది’ అని బిల్లు మీదా గేట్ పాస్ మీదా రాసి కట్టడం మేలు. అదే రోజు మెయిల్ పంపి, సీసీటీవీ రికార్డు భద్రపరచమని అడగాలి. ఆలస్యమైతే ఆ రికార్డు చెరిగిపోతుంది. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద యజమాని తాను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. రెండేళ్ల గడువుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు.

అయితే ఒక గీత కోసం కమిషన్ మెట్లెక్కే ఓపిక అందరికీ ఉండదు. ఆ లెక్క గ్యారేజీలకు బాగా తెలుసు. కాబట్టి మార్పు పైనుంచే రావాలి. 2022 జులైలో హోటళ్లు బిల్లులో సర్వీస్ చార్జీ తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ మార్గదర్శకాలిచ్చింది. ఒక రంగం మొత్తానికి పాకిన చెడ్డ అలవాటును ఒక్క ఉత్తర్వుతో ప్రశ్నించవచ్చని అది చూపింది. వాహన వర్క్‌షాపులకూ అలాంటిదే కావాలి. బండి తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ ఫొటోలతో ఉమ్మడి తనిఖీ జాబ్ కార్డులో భాగం కావాలి. ఆ ఫొటోలు కస్టమర్ ఫోన్‌కు వెళ్లాలి. యజమాని బాధ్యతపైనే అన్న వాక్యం జాబ్ కార్డుల నుంచి తొలగాలి. కస్టడీలో జరిగే నష్టానికి వర్క్‌షాపు సొంత బీమా ఉండాలి. డీలర్ల సంఘాలు ఉత్తర్వు కోసం ఆగకుండా రేపటి నుంచే ఈ పద్ధతి పాటించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల వినియోగదారుల వ్యవహారాల శాఖలు ఈ ప్రతిపాదనను అథారిటీ ముందు పెట్టాలి. ఆలోగా తమ పరిధిలోని వర్క్‌షాపుల జాబ్ కార్డులను తెప్పించుకుని చదవాలి.